అరువు నొప్పి

నా కుడి దవడలో ఒక పుచ్చిపన్ను ఉండేది. దాన్ని పీకించుకోమని మా ఆయన ఫణీంద్ర ఎన్నాళ్లనుంచో పోరుతుండేవారు. "యాభై ఏళ్లొచ్చాయి, పైగా డాక్టరువి. ఊరందరికీ సూదులు పొడుస్తావు, నీ పన్ను దగ్గరికొచ్చేసరికి చంటిపిల్లవైపోతావేంటి ప్రత్యూషా?" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ల ముందూ ఇదే పాట. మా అమ్మాయి చార్వి కూడా వాళ్ల నాన్నతో చేరి నవ్వేది. నేనూ నవ్వేసి, అవును, నాకు భయమే అనేదాన్ని. అసలు సంగతి చెబితే ఆ ఇంట్లో నవ్వు మళ్లీ వినబడదని నాకు తెలుసు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ పన్ను లేకపోతే మా వార్డులో మందుల అల్మరా తెరుచుకోదు.

మాది రాజమండ్రిలో నొప్పుల వార్డు. అక్కడికొచ్చేవాళ్ల జబ్బు ఇక నయం కాదు. ఆ సంగతి వాళ్లకీ తెలుసు, మాకూ తెలుసు. కేన్సరు ఎముకల్లోకి పాకినవాళ్లే ఎక్కువ. మేం చేయగలిగిందల్లా వాళ్లు నొప్పి లేకుండా పోయేలా చూడడం. దానికి మార్ఫిన్ కావాలి. ఒకప్పుడు డాక్టరు సంతకం, పక్కన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే సరిపోయేది. తర్వాత కొందరు పెద్దమనుషులు ఆ నంబర్లు అద్దెకిచ్చుకున్నారు. కాలేజీ పిల్లలు ఆ మందుకి అలవాటుపడి హాస్టలు గదుల్లో చచ్చిపోయారు. తల్లులు రోడ్లెక్కారు. అప్పుడొచ్చింది స్పర్శ.

స్పర్శ అంటే మెడ వెనక చర్మం కింద పెట్టే బియ్యపుగింజంత చిప్పు. అది పెట్టించుకున్న డాక్టరుకే రిజిస్ట్రేషన్. రోగి మణికట్టుకి ఒక పట్టీ కట్టి ఆ చెయ్యి పట్టుకుంటే రోగి నొప్పి డాక్టరుకి వస్తుంది. ఊహించుకోవడం కాదు, అచ్చంగా అదే నొప్పి, అదే చోట. డాక్టరు నరాలు ఎంత విలవిల్లాడితే అల్మరా అంత మందు ఇస్తుంది. దొంగ రోగికి మందు లేదు, దొంగ డాక్టరుకి అల్మరా లేదు అని పత్రికలు తెగ మెచ్చుకున్నాయి. ఆ చిప్పు తయారుచేసిన ల్యాబు మా ఊళ్లోదే, ధవళేశ్వరం వెళ్లేదారిలో ఉంది. అందులో మా ఆయన ఇంజనీరు. ఈ జిల్లాలో మెడ వంచి దాన్ని పెట్టించుకున్న మొదటి డాక్టర్ని నేను. ఈయన కట్టిన తాళి కంటే ఇదే గట్టిగా ఉందని అప్పట్లో వేళాకోళం చేసుకున్నాం.

మొదటి ఏడాది రౌండ్సు అయ్యాక బాత్రూంలోకి పోయి వాంతులు చేసుకునేదాన్ని. అయినా ఎందుకో బాగుండేది. ఎక్కడ నొప్పి, ఎలాంటి నొప్పి అని ఎవర్నీ అడగక్కర్లేదు. నిప్పు పెట్టినట్టుందో, పలుగుతో పొడిచినట్టుందో నాకే తెలిసేది. రోగుల తాలూకువాళ్లు నా కాళ్లకి దణ్ణం పెట్టేవాళ్లు. వద్దంటూనే లోపల సంతోషపడేదాన్ని.

ఐదారేళ్లు గడిచేసరికి అది తగ్గడం మొదలైంది. రోగి మెలికలు తిరిగిపోతుంటే నాకు దోమ కుట్టినట్టుండేది. చివరికి అదీ పోయింది. చెయ్యి పట్టుకుంటే అది చెయ్యి, అంతే. వెచ్చగానో చల్లగానో ఉండేది. నా నరాలు మొద్దుబారిపోయాయి.

ఎవరికి చెప్పుకోను? రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరంటే సాటి మనిషి నొప్పి తెలిసిన మనిషని పేరు. రాష్ట్రం మొత్తంమీద కొద్దిమందిమి. సమావేశాల్లో కలిసినప్పుడు ఒక్కొక్కరూ లేచి రోగుల బాధ గురించి కళ్లనీళ్లతో మాట్లాడేవాళ్లు. ఈ మాయరోగం నాకొక్కదానికే వచ్చిందని, వాళ్ల మధ్య సిగ్గుతో కుంచించుకుపోయేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆయన గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నాకేమీ రావడం లేదు. అల్మరా మీది చిన్న తెరలో 'నొప్పి లేదు' అని ఆకుపచ్చ అక్షరాలు వెలుగుతున్నాయి. కోపంతో పళ్లు పటపటా కొరికాను. పుచ్చడం మొదలైన పన్ను మీద బలం పడి, దవడలోంచి నడినెత్తిదాకా ప్రాణం జివ్వుమంది. టక్కుమని సొరుగు తెరుచుకుంది.

అల్మరాకి కావలసింది నొప్పి. ఎవరి నొప్పి అని అది అడగలేదు. ఆ రోజునుంచి నా తెల్లకోటు జేబులో పటికబెల్లం ముక్కలుండేవి. రోగి చెయ్యి పట్టుకునే ముందు ఒకటి నోట్లో వేసుకుని ఆ పన్ను మీద పెట్టి కొరికేదాన్ని. ఎవరికెంత మందు కావాలో అంత గట్టిగా కొరకడం కూడా అలవాటైపోయింది. డాక్టరమ్మకి తీపి పిచ్చి అని నర్సులు నవ్వుకునేవారు.

కిందటి వేసవిలో మూడో మంచం మీదికి మా వదినగారు వచ్చారు. మా ఆయన అక్క, సరోజిని. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. తల్లి పోయాక తమ్ముణ్ని తనే పెంచింది. బడి లేనిరోజు వాణ్ని డ్రైవరు వెనకసీట్లో కూర్చోబెట్టుకుని, టిక్కెట్లు కొడుతూనే ఎక్కాలు అప్పజెప్పించుకునేదట. రావులపాలెం వచ్చేసరికి పదమూడో ఎక్కం పూర్తికావాలి, లేకపోతే దిగాక వీపు విమానం మోతే. అలా చదివించిన తమ్ముడు ఇంజనీరయ్యాడు. ఆవిడ పెళ్లి ఊసే ఎత్తలేదు. ఇప్పుడు రొమ్ము కేన్సరు వెన్నుపూసలోకి పాకింది.

"ఏమ్మా డాక్టరమ్మా, పొద్దున్నే నోట్లో పటికబెల్లమా? షుగరొచ్చిందంటే నన్నడక్కు," అంది నన్ను చూడగానే. నొప్పికి పెదాలు పాలిపోయాయి గానీ, బస్సు చివరిసీటుదాకా వినబడే ఆ గొంతు మాత్రం తగ్గలేదు.

"చెయ్యివ్వండి వదినగారూ."

"ఇవ్వనంటే ఊరుకుంటావా? ఇదిగో, పట్టుకో."

పట్టుకున్నాను. పన్ను మీద ముక్క పెట్టి కొరికాను. ఆవిడకి ఎక్కువ మందు కావాలి కాబట్టి కొరికినచోటే మళ్లీ కొరికాను. కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారాయి. సొరుగు తెరుచుకుంది. ఆవిడ నా మొహంకేసే చూస్తోంది.

"నా నొప్పంతా నువ్వు పడుతున్నావే తల్లీ," అంటూ కొంగుతో నా బుగ్గలు తుడిచింది. "ఏ జన్మలో రుణపడ్డావో నాకు. కన్నకూతురైనా ఇలా చేస్తుందా?"

నాకు ఆ మంచం కిందికి దూరిపోవాలనిపించింది. ఆవిడ నొప్పిలో నాకు ఆవగింజంత కూడా అందలేదు. ఆవిడ దణ్ణం పెడుతున్నది నా పుచ్చిపన్నుకి.

ఒక శనివారం భోజనాల దగ్గర మా ఆయన మహా హుషారుగా ఉన్నారు. ములక్కాడ పులుసు కలుపుకుంటూ, "దొంగలు దొరికారోయ్," అన్నారు.

"ఏం దొంగలు నాన్నా?" అంది చార్వి. అప్పటికి దాని హౌస్‌సర్జన్సీ అయి నెలరోజులు కాలేదు.

"డాక్టరు దొంగలు. మీ జాతే," అని నవ్వారు. "రోగి నుంచి వచ్చేదాన్ని మేం ల్యాబులో అరువు నొప్పి అంటాం. అది చిప్పులోంచి మెడ దగ్గర దిగుతుంది. డాక్టరుకి తన ఒంట్లో పుట్టిన నొప్పయితే దాని దారి వేరు, రెప్పపాటులో వెయ్యోవంతు తేడా. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. నిన్న నాలుగైదు వార్డుల శాంపిల్సు తీసి చూశాను. పేర్లుండవు, నంబర్లే. మూడింట్లో సొంత నొప్పే! ఎక్కడో గుచ్చుకుని అల్మరా తెరిపించుకుంటున్నారు దొంగవెధవలు."

ఎడంపక్కనే నములుతున్న ముద్దని మంచినీళ్లతో మింగేశాను. "ఆ మందు రోగులకే ఇస్తున్నారేమో," అన్నాను.

"రోగికి నొప్పుంటే ఆ నొప్పితోనే తెరుచుకుంటుందిగా? తనని తాను గుచ్చుకోవడం దేనికి?"

"ఛీ, మళ్లీ కాలేజీ పిల్లలకి అమ్ముతున్నారన్నమాట," అంది చార్వి.

"ఇంకెన్నాళ్లు! ఒక జల్లెడ రాశాను. సొంత నొప్పిని ఏరి పారేసి అరువు నొప్పినే లెక్కలోకి తీసుకుంటుంది. సోమవారం పొద్దున్నకి రాష్ట్రంలో అన్ని అల్మరాల్లోకీ వెళ్లిపోతుంది. మంత్రిగారికి కూడా చెప్పేశారు," అని ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. చాలారోజులకి అంత ఇష్టంగా తిన్నారు.

మర్నాడు పొద్దున్న ఆయన హాల్లో వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఆదివారం ఆయన పని అదే. నేను వెళ్లి ఎదురుగా నిలబడి నోరు తెరిచాను.

"ఏమైంది, మళ్లీ పన్నేనా?"

"చూడండి. సరిగ్గా చూడండి. మీ దొంగల్లో ఒకత్తె ఇదిగో." గోడకి తగిలించిన నా తెల్లకోటు జేబులోంచి పటికబెల్లం తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇస్త్రీపెట్టె స్విచ్చి తీసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీ వెలుతురులో నా నోట్లోకి చూశారు. చిగుళ్లు నల్లబడి ఉన్నాయి. లోపల చీము.

"ఎన్నాళ్లనుంచి?"

"రెండేళ్లు దాటింది."

"రోజుకెన్నిసార్లు?"

"వార్డులో ఎంతమంది ఉంటే అన్నిసార్లు."

ఆయన నేలమీద చతికిలబడి నా మోకాళ్లమీద తల పెట్టుకుని ఏడ్చారు. మా మామగారు పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవలేదు. నేను తల నిమురుతూ, "ఆ జల్లెడ ఆపించండి. మీ అక్కయ్యగారు ఉన్నారక్కడ," అన్నాను.

"ఆపను."

"ఏవండీ!"

"ఆపనంటే ఆపను. దీన్ని ఆపితే రేపు మళ్లీ వెళ్లి నువ్వు కొరుకుతావు. ఆ చీము రక్తంలోకి పోతే? నువ్వు చస్తే అక్క బతుకుతుందా?" కళ్లు తుడుచుకున్నారు. "నీ ఒక్కదానికే వచ్చిందిది. మిగతా ఇద్దరెవరో నిజంగా దొంగలు. వైజాగు పరాంకుశంగారున్నారు. చేతిలో చెయ్యి పెడితే చాలు మహానుభావుడు ఏడ్చేస్తాడంటారు. ఆయన్ని పిలుద్దాం. రేపే రమ్మందాం. నొప్పి తెలిసేవాళ్లు చూసుకుంటారు. నువ్వు దిగిపో."

నొప్పి తెలిసేవాళ్లు అన్నమాట చివుక్కుమనిపించింది. అయినా నేను గట్టిగా వాదించలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు పెద్ద బరువు దిగినట్టయింది. రెండేళ్లుగా ఎవరైనా ఆ మాట అంటారేమోనని ఎదురుచూశాను కాబోలు.

పరాంకుశంగారికి ఫోన్ చేస్తే, "అయ్యో, దానికేమమ్మా, తెల్లవారుజాము రైలుకి వచ్చేస్తాను," అన్నారు. ఆ సాయంత్రమే మా ఆయన దగ్గరుండి నా పన్ను పీకించారు. దవడకి మత్తుసూది పడగానే సగం మొహం నాది కాకుండా పోయింది. అంత సుఖం ఉంటుందని మర్చిపోయాను. ఇంటికొచ్చి మెత్తగా పెరుగన్నం తిని, చార్వి పక్కన పడుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

సోమవారం పరాంకుశంగారు వచ్చారు. బక్కపల్చటి మనిషి, డెబ్భైకి దగ్గరపడ్డ వయసు, మేఘంరంగు చొక్కా, నల్లబూట్లు. వార్డులో అడుగుపెడుతూనే అందరికీ నమస్కారం పెట్టారు. నేరుగా మూడో మంచం దగ్గరికి తీసుకెళ్లాను. రాత్రి మందు దిగిపోయి వదినగారు అప్పటికే దిండు కొరుకుతోంది.

"ఏమ్మా, నేను పరాంకుశాన్ని. ఒక్క నిమిషం ఓర్చుకో," అంటూ ఆవిడ చెయ్యి తీసుకుని కళ్లు మూసుకున్నారు. నుదుటిమీద చెమట పట్టింది. దవడలు బిగుసుకున్నాయి. మహానుభావుడు అనుకున్నాను.

తెరమీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. నొప్పి లేదు.

ఆయన కళ్లు తెరిచి చూశారు. మళ్లీ మూసుకున్నారు. ఈసారి ఒళ్లంతా వణికింది. కుడికాలు నేలకేసి నొక్కి నొక్కి పెడుతున్నారు. నొప్పి లేదు. ఇంకోసారి. నొప్పి లేదు. వదినగారు అరిచిన అరుపుకి వార్డంతా లేచి కూర్చుంది.

నేను వంగి ఆయన బూటు విప్పాను. ఎందుకు విప్పానో నాకే తెలియదు. మేజోడు ముందుభాగమంతా రక్తం. దాన్ని లాగితే బొటనవేలి గోరు కండలోకి దిగిపోయి ఉంది. సరిగ్గా ఆ వేలి కిందికి వచ్చేలా బూటు లోపలి అట్టకి ఒక చిన్న మేకు దిగ్గొట్టి ఉంది.

"మీరు కూడానా సార్?"

ఆయన నావైపు తెల్లబోయి చూశారు. "మీరు కూడా అంటే... మీరేం చేసేవారమ్మా?"

"పన్ను సార్. నిన్ననే పీకించేశాను."

ఆ పెద్దాయన మంచం పట్టె పట్టుకుని అలాగే కూలబడ్డారు. "నాకొక్కడికే అనుకున్నానమ్మా. మూడేళ్లనుంచి ఒక్కరి నొప్పీ అందలేదు. ఎవరికైనా తెలిస్తే ఈ పని తీసేస్తారని, తీసేస్తే మావాళ్లకెవరు దిక్కని... నాకొక్కడికే అనుకున్నాను," అని గొణుగుతూ ఉండిపోయారు.

మధ్యాహ్నానికి ఫోన్లు మోగడం మొదలైంది. ఏలూరు, నెల్లూరు, కర్నూలు. ఎవరూ ఏమీ అడగడం లేదు, ఏమీ ఒప్పుకోవడం లేదు. మీ దగ్గర అల్మరా తెరుచుకుందా అని మాత్రం అడుగుతున్నారు. లేదండీ అంటే ఫోన్ పెట్టేస్తున్నారు. అనంతపురం ఆవిడ ఒక్కతే ఏడుస్తూ చెప్పేసింది, మోచేతి లోపల అగరొత్తితో కాల్చుకునేదట. ఇన్నేళ్లూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకరిని చూసి ఒకరం సిగ్గుపడ్డాం. ఒక్కరం నోరు విప్పి ఉంటే మిగతావాళ్లం విప్పేవాళ్లం. నొప్పి తెలిసినవాళ్లమని పేరు మోశాం గానీ, మాలో మాకే ఎవరి బాధా తెలియలేదు.

మా ఆయన ఆ రోజే హైదరాబాదు, ఢిల్లీ అన్నీ ఫోన్లు చేశారు. జల్లెడ వెనక్కి తీయాలంటే నిపుణుల సంఘం కూర్చోవాలట. అది ఎప్పుడు కూర్చుంటుందో చెప్పలేరట. పైగా దొంగ నొప్పిని మళ్లీ రానివ్వమని సంతకం పెట్టే అధికారి ఎవరు? మా పాతవాళ్లందరి రిజిస్ట్రేషన్లూ రద్దయ్యాయి. ఆ వారం మార్ఫిన్ వాడకం దాదాపు సున్నాకి పడిపోయిందని, ఇన్నాళ్లూ ఎంత దుర్వినియోగం జరిగిందో చూడండని టీవీల్లో చెప్పారు. మా ఆయన టీవీ ముందు నిలబడి, "ఓరి మీ బుర్రలు తగలెయ్యా!" అని అరిచారు. తర్వాత ఆ బుర్ర తనదేనని గుర్తొచ్చినట్టుంది, గోడవైపు తిరిగి నిలబడిపోయారు.

వార్డు ఎలా ఉండేదో నేను రాయలేను. ఉన్న చిన్నాచితకా బిళ్లలన్నీ ఇచ్చాం. అవి ఆ నొప్పి ముందు ఎందుకూ కొరగావు. నర్సులు చెవుల్లో దూది పెట్టుకుని డ్యూటీ చేశారు. ఒకావిడ కొడుకు వచ్చి, మా అమ్మకి ఏదో ఒకటి ఇచ్చి పంపేయండి డాక్టరుగారూ అని నా చేతులు పట్టుకున్నాడు. ఆ మాట అనడానికి వాడు ఎంత నలిగాడో నాకు తెలియాలి. నాకు వాడి అరచేతుల చెమ్మ తెలిసిందంతే.

మా ఆయన తన అక్క మంచం పక్కనుంచి కదల్లేదు. ఆవిడ కాసేపు అరిచి, కాసేపు అలిసిపోయి తమ్ముడి మొహం చూసేది.

"ఏరా ఫణీ, మిషను పాడైందా?"

"నేనే పాడుచేశానక్కా."

"పోన్లే, ఏడవకు. కావాలని చేశావా ఏంటి?" అంటూ తమ్ముడి తల మీద చెయ్యి వేయబోయి, నొప్పికి వేళ్లు వంకర్లు పోయి, జుట్టు పట్టుకుని గట్టిగా గుంజింది. ఆయన తల అలాగే వదిలేసి కూర్చున్నారు.

కొత్త రిజిస్ట్రేషన్లకి అరవై ఏళ్ల డాక్టర్లు, యాభై ఏళ్ల డాక్టర్లు అక్కర్లేదట. తాజా నరాలు కావాలట. ఇప్పుడే చదువు పూర్తిచేసిన పిల్లలు రావచ్చని ప్రకటన ఇచ్చారు. అది చూసిన క్షణం నుంచి నేను చార్వి కళ్లల్లోకి చూడడం మానేశాను. అది చదివిందో లేదో అడగలేదు. చదవకూడదని దేవుడికి మొక్కాను. ఇంకోపక్క, చదివితే బాగుండని కూడా అనుకున్నాను. రెండూ నేనే అనుకున్నాను.

శుక్రవారం అది మెడకి ప్లాస్టరుతో ఇంటికొచ్చింది. వెనకే వాళ్ల నాన్న, తల వంచుకుని.

"నన్నడక్కుండానా?" అన్నాను.

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"చార్వీ, ఐదారేళ్లలో నువ్వూ నాలాగే అయిపోతావే. పెళ్లాడినవాడి బాధ తెలియదు, కన్నబిడ్డ బాధ తెలియదు. ఈలోగా ప్రతిరోజూ నరకం. నీకు ఇరవై నాలుగేళ్లే..."

"అత్తకి ఐదారేళ్లు అక్కర్లేదు కదమ్మా. ఒక్క వారం చాలు," అంది.

మా ఆయనమీద విరుచుకుపడ్డాను. "మీరెలా ఒప్పుకున్నారు? మీ చేతుల్తో పెట్టారా దానికి?"

"నేను కాకపోతే ఇంకొకరు పెట్టేవారు. సరిగ్గా కుదరకపోతే చెయ్యి పడిపోతుంది ప్రత్యూషా. అందుకని నేనే పెట్టాను," అన్నారు.

మర్నాడు వార్డుకి ముగ్గురం వెళ్లాం. చార్వికి కొత్త తెల్లకోటు కొంచెం వదులయింది. మేనత్త మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "అత్తా, చెయ్యివ్వు," అంది.

వదినగారికి విషయం అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. పిల్ల మెడమీది ప్లాస్టరు చూసింది, నన్ను చూసింది, తమ్ముణ్ని చూసింది. రెండు చేతులూ దుప్పటి కిందికి లాక్కుంది.

"నాకు తగ్గిపోయిందే."

"అత్తా..."

"నిజమేనే. పొద్దున్నుంచి హాయిగా ఉంది. ఇదిగో, నవ్వుతున్నాను చూడు." నవ్వడానికి ప్రయత్నించింది. మెడనరాలు తాళ్లలా ఉబ్బిపోయి, చెమట కళ్లల్లోకి దిగుతోంది. "పో తల్లీ, కాంటీనుకెళ్లి అట్టు తిను. ఎండిపోయావు."

"అక్కా, ఒక్కసారివ్వు," అన్నారు మా ఆయన.

"నోర్ముయ్యరా! చంకనేసుకుని తిప్పిన పిల్లరా ఇది. దానికి పళ్లొస్తుంటే జ్వరమొస్తే రాత్రంతా భుజాన వేసుకున్నాను. దానికిస్తానా ఈ నొప్పి? చచ్చినా ఇవ్వను. వెళ్లండి. అందర్నీ దిగమంటున్నానా?" అని అరిచింది. ఆ అరుపు మధ్యలోనే నొప్పి వచ్చి ఒళ్లు విల్లులా వంగింది. అయినా చేతులు బయటికి రాలేదు. పళ్లమధ్య దుప్పటి అంచు పెట్టుకుని, కళ్లు మాత్రం పిల్లమీదే పెట్టి, వద్దని తల అడ్డంగా ఊపుతోంది.

మా ఆయన అక్కడ నిలబడలేక వరండాలోకి వెళ్లిపోయారు. చార్వి నావైపు చూసింది. ఏం చెయ్యనమ్మా అన్న చూపు. చిన్నప్పుడు హోంవర్కు రాకపోతే అలాగే చూసేది. నేను వద్దులే, లే, ఇంటికి పోదాం అంటే అది లేచేదే. దాని భయం దాని మొహంలోనే ఉంది. లోకంలో ఏ తల్లయినా ఆ మాటే అనాలి.

నేను దుప్పటి లాగేశాను. వదినగారి కుడిచెయ్యి పట్టుకున్నాను. అంత జబ్బులోనూ ఆవిడ చెయ్యి ఇనుము. గుప్పిట బిగించేసింది. ఒక్కో వేలే విడదీశాను. "వద్దే, నీకు దణ్ణం పెడతాను, నీ కూతురే అది," అంటోంది ఆవిడ. చిటికెన వేలు విడదీసేటప్పుడు ఎముక చప్పుడయింది. నాకేమీ అనిపించలేదు. ఆ చేతిని తీసుకెళ్లి నా కూతురి చేతిలో పెట్టి, పైనుంచి నా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను.

చార్వి నోట్లోంచి వచ్చింది అరుపు కాదు. ఊపిరంతా ఒక్కసారి బయటికి పోయిన చప్పుడు. స్టూలు మీదనుంచి మోకాళ్లమీదికి జారిపోయింది. కళ్లు పెద్దవై నన్నే చూస్తున్నాయి. లాక్కోబోయింది. నేను వదల్లేదు. దాని చెయ్యి, ఆవిడ చెయ్యి, రెండూ నా చేతుల్లో గిలగిల్లాడుతుంటే, ఏదైనా ఒక్క పిసరు, ఒక్క చీమ కుట్టినంత నొప్పయినా నాకు రాదా అని కాచుకు కూర్చున్నాను.

సొరుగు తెరుచుకుంది. అంత మందు నేను నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. ఆవిడ ఎంత నొప్పితో ఉందో అప్పటికి నాకు తెలిసింది, సీసా మీద గీతలు చూస్తే.

సూది ఇచ్చాను. మందు ఎక్కుతుంటే వదినగారి మొహం వదులయింది. నన్ను చూసి, "రాక్షసివే," అంది మెల్లగా. అని నిద్రలోకి జారిపోయింది. ఆ వారంలో ఆవిడ నిద్రపోవడం అదే మొదలు.

చార్వి నేలమీదే కూర్చుని మంచం కోడుకి ఆనుకుని ఉంది. పెదవి కొరుక్కుంటే రక్తం వచ్చింది. నేను పక్కన కూర్చుని తుడుస్తుంటే, "అమ్మా, అత్త ఇన్నిరోజులూ ఇలాగే..." అని ఆపేసింది.

సొరుగు తెరుచుకున్న చప్పుడు వార్డంతా విన్నది. నాలుగో మంచం మీది ఆవిడ అప్పటికే దుప్పటిలోంచి చెయ్యి బయటపెట్టి చాపి ఉంచింది. ఐదో మంచం ఆయనా అంతే. ఆ వరసలో చివరిదాకా చేతులు. మందు దొరికిందని ఎవరు చెప్పారో, వరండాలో చాపలమీద ఉన్నవాళ్లని కూడా వాళ్లవాళ్లు మోసుకుని గుమ్మం దగ్గరికి తెస్తున్నారు.

చార్వి నా భుజం ఆసరా చేసుకుని లేచింది. ఆ చేతులవైపు చూడకుండా, తల నా మెడలో దాచుకుని అడిగింది.

"ఇంకెంతమంది అమ్మా?"

"ఇంకొక్కరేనమ్మా," అన్నాను.

అది నమ్మి, నాలుగో మంచంవైపు నడిచింది.